కుడి సిగ్నల్ వైరు

మా వీధిలో బండ్లు బాగుచేసే ఆయన్ని అందరూ టేపు మేస్త్రి అంటారు. కళ్లద్దాలకి టేపు, చెప్పుకి టేపు, గొడుగు పిడికి టేపు. ఆయన కాపురం కూడా దాంతోనే నిలబడిందని నేనంటాను. ఆయన భార్య ఇంతవరకూ కాదనలేదు.

మా తమ్ముడు ఒక పాత మోటారుసైకిల్ కొన్నాడు. చూడటానికి బాగుంటుంది, వాడిలాగే. పొద్దున్నే కదలడానికి బద్ధకం, అదీ వాడిలాగే. దాని రోగమల్లా కుడి సిగ్నల్ లైటు. ఇంటి ముందు వెలుగుతుంది, బజార్లో వెలుగుతుంది. హైవే మీద ఫ్యాక్టరీ వైపు కుడికి తిరిగే చోట మాత్రం ఫ్యూజు పోతుంది. వీడు తిరుగుతున్నాడని వెనకొచ్చే లారీకి ఎలా తెలుస్తుంది? మొన్న ఒక లారీ వీడి ప్యాంటు అంచు చింపుకుని మరీ పోయింది. మరదలు ఆ ప్యాంటుని తలుపు వెనక మేకుకి తగిలించి, "రోజూ ఇది చూసి బయల్దేరండి" అంది.

మేస్త్రి హెడ్‌లైటు విప్పాడు. దాని వెనకుండే ఇనప డొప్పలోనే వైర్లన్నీ కలుస్తాయి. కుడి సిగ్నల్ వైరు తొడుగు ఊడిపోయి రాగి బయటపడింది. ఆ రాగి డొప్పకి తగిలిందంటే షార్టు, ఫ్యూజు పోయినట్టే.

"ఎలుక," అని తేల్చేశాడు. వైరుకి కొత్త తొడుగు ఎక్కించాడు, పైన టేపు చుట్టాడు, వైరు కోసుకుపోకుండా డొప్ప చిల్లుకి రబ్బరు వాషరు పెట్టాడు, సిగ్నళ్లకి విడిగా చిన్న ఫ్యూజు బిగించాడు. "ఇక ఎలుకల తాత దిగొచ్చినా షార్టవదు."

మర్నాడే అయింది.

ఈసారి డొప్ప తెరవగానే వాసన కొట్టింది. కడగని నోటి వాసన. లోపలంతా జిగట. నమిలి ఉమ్మిన రబ్బరు ముద్ద ఒకటి అడుగున అతుక్కుని ఉంది. మేస్త్రి పట్టుకారుతో లాగితే ఉమ్మి తీగలు తీగలుగా సాగింది. ముద్ద మీద పంటిగాట్లు ఎలుకవిలా సన్నగా లేవు. వెడల్పుగా, వరసగా, మన పళ్లంత ఉన్నాయి.

"ఎవడో ఆకతాయి పని," అన్నాడు తమ్ముడు.

"స్క్రూలు విప్పి, నమిలి, మళ్లీ బిగించి వెళ్లాడా? మన వీధిలో అంత పనిమంతుడు ఎవడ్రా?" అన్నాను.

"అమ్మెయ్యండి," అంది మరదలు.

"ఒక్క వైరు కోసం బండి అమ్ముకుంటారా ఎవరైనా?" అన్నాడు తమ్ముడు.

మా ఇంట్లో మగవాళ్లకి పౌరుషం ముందు వస్తుంది. బుర్ర వెనక బస్సులో వస్తుంది, అదీ సీటు దొరికితే.

మేస్త్రి గ్రీజులో కారం కలిపి కొత్త టేపు మీద దట్టంగా పూశాడు. బండిని ముందుగదిలో పెట్టి తలుపు గడియ వేశాం. సాయంత్రం తమ్ముడు షిఫ్టుకి వెళ్లాలి. వాన పట్టుకుంది, కరెంటు పోయింది. వానకి ఆగిపోయిన మేస్త్రితో కలిపి నలుగురం అదే గదిలో కొవ్వొత్తి చుట్టూ కూర్చున్నాం. వాన తగ్గగానే వెళ్తానని వాడు, వెళ్లనివ్వనని మరదలు.

అప్పుడు వినిపించింది. చప్... చప్... అన్నం మెత్తగా నములుతున్నట్టు.

ఆగింది.

తర్వాత, డొప్పలోంచి... దగ్గు. చిన్నగా, కఫంతో.

"మేస్త్రీ," అన్నాను గుసగుసగా, "బండికి దగ్గొస్తుందా?"

"రాదమ్మా."

ఆయన ఫ్యూజు పీకేశాడు. బ్యాటరీ వైర్లు ఊడదీశాడు. దగ్గు తగ్గింది. నమలడం మళ్లీ మొదలైంది. హెడ్‌లైటు విప్పాడు. వెలుతురులో వైర్లు తప్ప ఏమీ లేవు. అడుగున ముద్దేదో తగిలితే తీద్దామని చూపుడువేలు పెట్టి, అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?"

"మెత్తగా ఉంది..."

"వేలు తీసెయ్యండి," అన్నాడు తమ్ముడు.

"వెచ్చగా ఉంది... చప్పరిస్తోంది."

తమ్ముడు ఆయన్ని నడుం పట్టి లాగాడు. చప్పుడుతో వేలు బయటికొచ్చింది. కొవ్వొత్తి దగ్గర పెట్టి చూశాం. వేలి మీద మసి లేదు. గోరు కింద నలుపు లేదు. ఆయన పెళ్లి ఫోటోలో కూడా ఆ వేలు నల్లగానే ఉంటుంది. ఇప్పుడు తెల్లగా, నీళ్లలో నానిన శవం వేలులా ముడతలు పడి, చొంగ కారుతోంది. మేస్త్రి గుమ్మంలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. ఆయన వెనకే నేనూ.

తమ్ముడు తాళంచెవి నేల మీద పెట్టేశాడు. "ఇక ఎక్కను," అన్నాడు. మరదలు ఏడ్చింది, సంతోషంతోనే.

పొద్దున్నే బండిని పాత ఇనుము కొట్టుకి తోసుకెళ్లాం. ముక్కలు కోసేదాకా మరదలు అక్కడే నిలబడింది. డొప్ప ఖాళీ. మేస్త్రి ఆ వేలికి టేపు చుట్టుకున్నాడు, ఇంకేం చేస్తాడు. తమ్ముడు బస్సులో పనికి వెళ్లాడు, క్షేమంగా తిరిగొచ్చాడు.

మర్నాడు నిద్ర లేచి చెవి రుద్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "అక్కా, మండుతోంది. చూడు."

కుడి చెవి. చిన్నప్పుడు అమ్మ ఎంత తోమినా తెల్లబడని చెవి, లోపలి మడతల దాకా మెరుస్తోంది. తడిగా ఉంది. కారం వాసన, దాని కింద నోటి వాసన.

నేను మరదలి వైపు చూశాను.

"నేను కాదు వదినా," అంది, నెమ్మదిగా. "నేను ఆయనకి ఎడమవైపు పడుకుంటాను. కుడివైపు గోడే."