మైల పట్టని ఇల్లు

శాలివాహన శకం పన్నెండువందల తొంబది, కీలక నామ సంవత్సరం, జ్యేష్ఠమాసం. కృష్ణ ఒడ్డున ఉన్న రావులకొండ దుర్గాన్ని పడమటి సైన్యం చుట్టుముట్టి ఆ వేసవి అంతా గడిచింది. కోటకు నాలుగో వైపు ఎక్కరాని కొండ, మిగిలిన మూడు వైపులా ఏరే అయినా అందులో అప్పుడు నీరు లేదు. కనుచూపు మేర ఇసుక, ఆ ఇసుక మీద శత్రువుల గుడారాలు, గొలుసులు లాగుతున్న ఏనుగులు, చెలమల చుట్టూ మూగిన గుర్రాలు. ఎగువన వానలు పడి ఏరు వస్తే ఆ గుడారాలు నిలవవు. ఆ సంగతి లోపలివారికీ తెలుసు, బయటివారికీ తెలుసు. అందుకే లోపలివారు మబ్బుకోసం ఆకాశం వంక చూస్తుంటే, బయటివారు ఏరు రాకముందే తలుపు తెరుచుకోవాలని ద్వారం వంక చూస్తున్నారు.

ఆ ద్వారపు తాళాలకు ఒక కట్టడి ఉంది. సాయంకాలం తలుపులు మూశాక తాళాలను ద్వారం పైని గుడిలో వాకిటమ్మ పాదాల దగ్గర పెడతారు. తెల్లవారగానే దుర్గపాలకుడు స్నానం చేసి, గడప దాటి, వాటిని తన చేతితో తీసుకోవాలి. ఇంట చావు జరిగి మైల పట్టినవాడు ఆ గడప తొక్కరాదు. అతడి మైల తీరేదాకా తాళాలు మంత్రికి పోతాయి. ఈ కట్టడి తప్పితే కోట నిలవదని రాజు పోతభూపతి మొదలు కడపటి బంటు దాకా అందరి నమ్మకం.

దుర్గపాలకుడు బేతినాయకుడు. మంత్రి కేసన ప్రెగడ.

నాయకుడి కొడుకులిద్దరు, మారయ, ప్రోలయ, శత్రువుల నిచ్చెనలు తగలబెట్టడానికి ఒక సాయంకాలం దొడ్డిదారిన బయటికి పోయారు. ఆ దారి సంగతి రాజుకు, నాయకుడికి, ప్రెగడకు తప్ప మరెవరికీ తెలియదు. మరునాడు పొద్దు పొడవగానే, నాయకుడు ఇంకా తాళాలు తీసుకోకముందే, ఇసుకలో రెండు పొడవాటి కొయ్యలు లేచాయి. వాటికి రెండు శవాలు కట్టి ఉన్నాయి.

బురుజు మీద అందరూ గుమిగూడారు. రాజు కూడా వచ్చాడు. కేసన ప్రెగడ ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకొని, "దేవా, ఎంతటి ఘోరం! వారు మన నాయకుడి బిడ్డలే. నాయకా, నీ దుఃఖానికి ఓదార్పు చెప్పగలవాడు లేడు. ఇంటికి పోయి కావలసినవి చూసుకో. తాళాల భారం నేను మోస్తాను" అన్నాడు.

బేతినాయకుడి చూపు గుడివైపు పోయింది. గడప దగ్గర అర్చకుడు మాచిభట్టు నిలబడి ఉన్నాడు. అతడి ముందు కలశం ఉంది. దానికి పసుపు దారం చుట్టి, మామిడాకులు పెట్టి, కొబ్బరికాయ నిలిపి ఉంది. తాళాలు కొత్త చేతికి మారేటప్పుడు మాత్రమే కట్టే కలశం అది. దాన్ని కట్టాలంటే చీకటి ఉండగానే స్నానం చేసి జపానికి కూర్చోవాలి. కొయ్యలు లేచింది పొద్దు పొడిచాక. మరి చావు కబురు మాచిభట్టుకు అంత ముందే ఎవరు చెప్పారు?

నాయకుడికి అంతా తెలిసిపోయింది. కానీ ఆ మాట అనాలంటే ముందు తన కొడుకులు చచ్చారని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న క్షణాన మైల. విచారణ తేలేలోగా తాళాలు ప్రెగడ చేతిలో, తలుపులు బార్లా.

"వారు నా కొడుకులు కారు" అన్నాడు బేతినాయకుడు.

ప్రెగడ నివ్వెరపోయాడు. "దేవా, తండ్రికి మతి చలించింది. తల్లిని పిలిపించండి. కన్నతల్లి కళ్లు అబద్ధం చెప్పవు."

సూరాంబ వచ్చింది. వెనుకనే పెద్దకోడలు అన్నెమ. సూరాంబ బురుజు అంచున నిలబడి చాలాసేపు చూసింది. తరువాత భర్త ముఖం చూసింది, అతడి చూపు వెంట గుడి ముందరి కలశాన్ని చూసింది.

"ఎవరి బిడ్డలో పాపం. మావాళ్లు కారు" అంది.

"అమ్మా, కళ్లు సరిగా ఆనుతున్నాయా?" అన్నాడు ప్రెగడ.

"ఆనకేం ప్రెగడా! మీ మేడమీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలను కాకి తన్నుకుపోతున్నది. మనిషిని పంపి తోలించుకోండి." కోడలివైపు తిరిగింది. "అన్నెమా, పద. వాళ్లు ఆకలితో వస్తారు, అన్నం వార్చాలి."

బంటులలో ఎవరో ఫక్కున నవ్వారు. రాజు తేలికగా ఊపిరి పీల్చుకొని, "నాయకా, స్నానం చేసి తాళాలు తీసుకో" అన్నాడు. బేతినాయకుడు గడప దాటాడు.

ఇంట్లో తలుపు మూశాక భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు.

"చిన్నవాడి తలపాగా ఎవడో విప్పేశాడు" అంది సూరాంబ. "వాడికి ఎండ పడదు."

"ఏడవకు."

"నేనేడవను. మీరు తాళాలు వదలకండి."

గోడకు ఆనుకొని నిలుచున్న అన్నెమ అడిగింది. "నేనేం చెయ్యను అత్తా?"

"బొట్టు పెట్టుకో తల్లీ. పెద్దదిగా పెట్టుకో."

అది మొదలు ఆ ఇంటిమీద ప్రెగడ కళ్లు పడ్డాయి. ఒక్క వెక్కిలి వినబడితే చాలునని గోడ పక్కన మనుషులను పెట్టాడు. ప్రెగడ భార్య పసుపు కుంకాలు పట్టుకొని పలకరించడానికి వచ్చింది. అన్నెమ కుంకుమ తీసుకోబోతే వేళ్లు వణికాయి.

"చేయి అలా వణుకుతున్నదేమే?" అంది వచ్చినావిడ.

"మిరియాలు దంచింది. మొగుడికి చారు ఘాటుగా ఉండాలట, ఈమెకేమో చేతులు పడిపోతున్నాయి" అని సూరాంబ నవ్వింది. పిలిచి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. కొడుకులకు వేసిన రెండు విస్తళ్లూ పక్కన అలాగే ఉన్నాయి.

సాయంకాలాలు శత్రువులు గోడ కిందికి వచ్చి అరిచేవారు. "ఓ నాయకుడా! పిల్లలకు కొరివి పెట్టే దిక్కు లేదా? గద్దలను పెట్టమంటావా?"

బేతినాయకుడు బురుజు మీది నుంచి, "ఎవరి పిల్లలో వారినే అడగండిరా!" అని కేక వేసేవాడు. ఆ పైన మీసం దువ్వేవాడు. చేయి కిందికి దించితే బంటులు వణుకు చూస్తారని దువ్వుతూనే ఉండేవాడు. కొయ్యల మీద ఏమి జరుగుతున్నదో అతడికి ప్రతిరోజూ కనబడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఎగువన ఇసుక మీద ఎర్రటి గీత కనిపించింది. చూస్తుండగానే అది నురగయింది, హోరయింది. చెలమల దగ్గరి గుర్రాలు ముందు పరుగెత్తాయి. వాటి వెనుక మనుషులు పరుగెత్తారు. గుడారాలు గొడుగుల్లా తేలాయి. ఆ రెండు కొయ్యలూ కాసేపు నిలిచి, ఒరిగి, నీటిలో పోయాయి. పొద్దు గూకేవేళకు రావులకొండకు మూడు వైపులా ఏరు నిండుగా పారుతున్నది. అవతలి గట్టున మిగిలిన సైన్యం పడమటికి తిరిగిపోయింది.

కోటంతా జయజయధ్వానాలు. బేతినాయకుడు సభకు వచ్చి తాళాలను రాజు ముందు నేలమీద పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

"దేవా, నా కొడుకులు చనిపోయారు. నేటి నుంచి నా ఇంట మైల."

"ఆనాడు కాదన్నావే!"

"కాదన్నాను. మైలచేతులతో వాకిటమ్మ గుడి తొక్కాను. అందుకు ఏ శిక్షయినా తలవంచి పడతాను. కానీ ముందు మాచిభట్టుగారిని ఒక్క మాట అడగండి. ఆ ఉదయపు కలశం ఎవరు చెప్పగా, ఎప్పుడు కట్టారు?"

మాచిభట్టు ముఖం పాలిపోయింది. "ప్రెగడగారు చెప్పగా కట్టాను దేవా. చుక్కలు ఉండగానే మనిషిని పంపారు. తెల్లవారితే తాళాలు తమ చేతికి వస్తాయి, ఆలస్యం కారాదన్నారు. నేను... ఎందుకని అడగలేదు."

"అపచారం!" అని అరిచాడు కేసన ప్రెగడ. "అమ్మవారిని మైలపరచినవాడి మాట నమ్ముతారా?"

"మా మారయ, ప్రోలయలు చచ్చారని పొద్దు పొడవకముందే నీకు తెలుసు ప్రెగడా. వారిని చంపినవారికి తెలుసు, నీకు తెలుసు" అన్నాడు బేతినాయకుడు. "నేను వారి తండ్రిని. నాకు నీ తరువాతనే తెలిసింది."

పోతభూపతి లేచి తన చేతితోనే ప్రెగడ వేలి నుంచి ముద్రిక లాగేశాడు.

కేసన ప్రెగడకు మరణశిక్ష పడింది. కట్టడి కట్టడే కనుక బేతినాయకుడు బతికినన్నాళ్లూ వాకిటమ్మ గడప తొక్కకూడదని తీర్పయింది. కోట దక్కింది. కొడుకుల ఎముక ముక్కయినా దొరకలేదు గనుక దర్భలతో రెండు బొమ్మలు చేసి వాటికి నిప్పు పెట్టారు. ఆ రోజు అన్నెమ గాజులు పగలగొట్టుకొని గుండెలు బాదుకొని ఏడ్చింది. సూరాంబకు ఏడుపు రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు.