గొంగడి మీద కూర్చున్నవాడు

"అవ్వా, లే. జర జావ తాగు. వేడిగున్నది."

పాలమూరు స్టేషన్ గోడకు ఆనుకొని, తలమీదుగా గొంగడి ముసుగేసుకొని కూర్చున్న ముసలామెతో అలా అని, బీరన్న ఆమె మీద ఒక దుప్పటి కప్పాడు. అప్పుడే తెల్లవారుతోంది. మంచులో రైలుపట్టాలే కనిపించడం లేదు. ముసుగులో ఎవరున్నారో అతనికేం కనిపిస్తుంది పాపం!

ముసుగు తొలగింది. లోపల ఉన్నది ముసలామె కాదు. పెద్ద పెద్ద కళ్ల పడుచుపిల్ల.

"ఎవరయ్యా నీకు అవ్వ? నా నెత్తి నెరిసిందా? పండ్లూడినయా?"

బీరన్న చేతిలో గ్లాసు ఒలికింది. "కాదు... ఎవరన్న ముసలోళ్లు చలికి పండుకున్నరేమో అని..."

"పండుకోలే. బండి కోసం కూసున్న. అడుక్కతినేదాని లెక్క కనవడ్డనా?"

"అయ్యో, గట్ల కాదు. సారీ."

"సారీ లేదు గీరీ లేదు. గీ దుప్పటి నువ్వే కప్పుకో. చేపల వల లెక్కున్నది. అటు చలి ఇటొస్తది."

దుప్పటి గురించి ఆమె అన్నది నిజమే. ఆ ఏడు, అంటే అరవై రెండులో, బల్దియావాళ్లు, అదే మున్సిపాలిటీవాళ్లు, స్టేషన్ పక్కన ఖాళీగా ఉన్న పల్లికాయ గోదాం తెరిచారు. ఇల్లు లేక రోడ్ల మీద పడుకునేవాళ్లకు చలికాలం దాటేదాకా అదే ఆసరా. దాన్ని చూసుకునే కొలువు బీరన్నది. జావ కాచేది అతనే, బయట వణికేవాళ్లను వెతికి లోపలికి తెచ్చేదీ అతనే. దుప్పట్లు మాత్రం సగం మందికే వచ్చాయి. వచ్చినవి కూడా ఇదిగో, ఇలా వలల్లాంటివి.

"ఏందే అండాలు, పొద్దుగాల్నే లొల్లి?" నల్లా దగ్గర ముఖం కడుక్కొని అసలు అవ్వ వచ్చింది. పేరు నాగులమ్మ. గొంగళ్లు అమ్మడానికి మనుమరాలితో పట్నం వచ్చింది.

"చూడవ్వా, గీయన నన్ను అవ్వా అంటుండు!"

నాగులమ్మ పడీపడీ నవ్వి, అతని చేతిలోని గ్లాసు తీసుకొని మిగిలిన జావ తాగేసింది. "నన్నే అన్నడనుకో. మంచిగున్నది కొడుకా. నీ పేరేంది?"

"బీరన్న."

"మా కురుమోళ్ల దేవుని పేరు! మనోడివే. ఎవరి కొడుకువు?"

"తెల్వదవ్వా. కురుమోళ్ల పిలగాన్నని చెప్పిన్రు, అంతే. బుద్ధి తెలిసిన కాడికెల్లి హాస్టల్లనే పెరిగిన."

అండాలు కోపం చల్లారింది. గోదాం తలుపులోంచి ముడుచుకొని కూర్చున్న మనుషులు ఆమెకు కనిపించారు. నాగులమ్మ కూడా అటే చూసింది.

"జడ్చర్ల దాటితే మా ఊరు. ఒకపారి రా కొడుకా. మా ఇంట్ల గొంగళ్లున్నయి. ఏమన్న చేద్దాం."

బండి వచ్చింది. మూట నెత్తినెత్తుకొని, ఎక్కుతూ ఎక్కుతూ అండాలు వెనక్కి తిరిగింది. "పోయొస్త మనవడా!"

మర్నాడు బీరన్న జావలో ఉప్పు రెండుసార్లు వేశాడు. గోదాంలో అందరికంటే పెద్దవాడు పెద్దులు తాత. ఒక్క గుక్క తాగి, "పిలగాడు ఈడ లేడు" అన్నాడు.

ఆ వారమే బీరన్న వాళ్ల ఊరికి పోయాడు. నాగులమ్మ ఇంటి అరుగు మీద కొత్త నల్ల గొంగడి పరిచి ఉంది. నడిచీ నడిచీ కాళ్లు పీకుతున్నాయి. ఎవరూ కనిపించలేదు. హాయిగా కూర్చున్నాడు.

ఇంట్లోంచి వచ్చిన అండాలు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వెనకే వచ్చిన తండ్రి ఐలేశం కొయ్యబారిపోయాడు.

"ఏయ్ పిలగా! నీ పెద్దలేరి?"

"నేనొక్కన్నే వచ్చిన. గొంగళ్ల కోసం..."

"మరి దాని మీదెందుకు కూసున్నవ్?"

ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో చలికాలమంతా అరుగు మీద కొత్త గొంగడి పరిచి ఉంచుతారు. పిల్లను అడగడానికి వచ్చినవాళ్లే దాని మీద కూర్చోవాలి. మిగతా చుట్టాలకు మంచం వేస్తారు. హాస్టల్లో పెరిగినవాడికి ఇవన్నీ ఎవరు చెప్పారు?

ఐలేశం నోటనే సంగతి తెలిసి బీరన్న అదిరిపడి లేవబోయాడు.

"లేస్తున్నవా?" అంది అండాలు. "కూసున్నోడు మాట కాకముందే లేస్తే పిల్లను వద్దన్నట్టు. ఊరంత నవ్వుతది. లేస్తవా మరి?"

సగం లేచినవాడు సగంలోనే ఆగాడు. ఆమె కళ్లల్లోకి చూశాడు. అక్కడ నవ్వుతో పాటు కొంచెం భయం కూడా ఉంది.

"లేవ" అని కూర్చున్నాడు.

"ఏం తమాషానా?" ఐలేశం గొంతు పెంచాడు. "హాస్టల్ల పెరిగినోడివంట, మా అమ్మ చెప్పింది. నీ తరపున కూసునేటోళ్లు ఎవరు? ముందూ ఎనకా ఎవరు లేనోనికి పిల్లనెట్ల ఇస్తరు? రేపు దానికి కష్టమొస్తే ఎవరింటికి పోవాలె?"

 ఆ మాట బీరన్నకు నిజంగానే తగిలింది.

నాగులమ్మ వచ్చి కొడుకు భుజం మీద చెయ్యేసింది. "గంత గట్టిగ అరువకు. మాట సగమైంది, మిగిలిన సగం సోమారం అనుకుందాం. పెద్దలను తోలుకరా బీరన్నా. తేకపోతివా, మాట తెగినట్టే." తనే అతని చెయ్యి పట్టుకొని లేపింది. "నేను లేపిన, తప్పు లేదు."

తర్వాత ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"అవ్వా, ఇన్నా? ఇవి అమ్ముకొని బతికేటోళ్లు మీరు!"

"కరువు ఏడు గొర్లన్ని సచ్చినయి కొడుకా. బతకనీకి వేరే ఊరికి పోయినం. కేతేపల్లి కాడ చలిల వాన. ఈ ఐలేశం అప్పుడు నా సంకల పిలగాడు, పెదవులు నల్లవడ్డయి. ఎవరో పిలిచి కొట్టంల జాగ ఇచ్చి నెగడేసిన్రు. తెల్లారి మొక్కుదామంటే ఆ మనిషి పనికి పోయిండు. ముఖం గూడ చూడకపోతి. గాయనకు ఇయ్యాల్సింది నీ గోదామోళ్లకిస్తున్న. తీస్కపో."

బీరన్న వంగి ఆమె కాళ్లు మొక్కాడు. ఐలేశం తల తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం గోదాంలో మొదటిసారి ఎవరూ వణకలేదు. గొంగడి చుట్టుకొని హనుమమ్మ ఏడ్చింది. కూలికి పట్నం వచ్చి ఎవరూ లేకుండా మిగిలిపోయిన మనిషి ఆమె. "గిది ఇచ్చిన చేతులు సల్లగుండాలె" అంది. బీరన్న మాత్రం మూల కూర్చొని ఉన్నాడు.

పెద్దులు తాత వదల్లేదు. అడిగి అడిగి అంతా చెప్పించాడు.

"నీ తరపున ఎవరు లేరా? మేం మనుషులం గాదార? మాకు ఇల్లు లేదు, నిజమే. నోరు గూడ లేదా?"

సోమవారం పొద్దున ఐలేశం అరుగు మీంచి చూశాడు. జొన్నచేల గట్టు మీద నల్ల గొంగళ్లు వరసగా నడిచి వస్తున్నాయి. అన్నీ తన మగ్గం మీద నేసినవే. తలంటుకొని, ఉన్నంతలో ఉతికిన బట్టలు కట్టుకొని గోదాం గోదామంతా కదిలింది. ముందు పెద్దులు తాత, పక్కన హనుమమ్మ, ఎక్కడో వెనక దాక్కుంటూ బీరన్న.

"వీళ్లెవరు?" అన్నాడు ఐలేశం.

"మా పెద్దలు" అన్నాడు బీరన్న.

ఊరివాళ్లు గుసగుసలాడారు. పెద్దులు తాత చేతులు జోడించాడు. "అయ్యా, ఈ పిలగాడు మా కడుపుల పుట్టలే. చలికి సచ్చేటోళ్లను ఒక్కొక్కర్ని ఏరుకొచ్చి బతికిచ్చిండు. నీ బిడ్డకు కష్టమొస్తే ఎవరింటికి పోవాల్నని అడిగినవంట. ఇల్లు చూపియ్యలేం. మేమే వస్తం. అందరం వస్తం."

 ఐలేశం తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కేతేపల్లి నెగడు అతనికి గుర్తులేదు. కానీ అది లేకుంటే ఈ అరుగూ లేదు, ఈ బిడ్డా లేదు.

"నిలవడ్డరేంది? కూసోండ్రి" అన్నాడు.

అరుగు మీది గొంగడి అంతమందికి ఎక్కడ సరిపోతుంది? హనుమమ్మ తన భుజం మీది గొంగడి తీసి దాని పక్కన పరిచింది. ఆమెను చూసి మిగతావాళ్లూ పరిచారు. అరుగు నిండి, వాకిలి కూడా నల్లగా నిండిపోయింది.

ఎదురుగా కూర్చొని ఐలేశం నవ్వాడు. "నా దిక్కు నేనూ మా అమ్మే ఉన్నం. నీకు ఎవరు లేరంటిని, నీ దిక్కే ఊరంత మంది ఉన్నరు గదరా! పిల్లనిచ్చిన."

అండాలు వేడి జావ గ్లాసు తెచ్చి హనుమమ్మ ముందు వంగింది. "అవ్వా, జర జావ తాగు. వేడిగున్నది." అని బీరన్న వైపు ఓరగా చూసింది. "అవ్వా అని ఎవరిని పిలువాల్నో ఇప్పుడన్న తెలిసిందా?"

బీరన్న చుట్టూ చూశాడు. తనవాళ్లు. అందరూ తనవాళ్లే. కళ్లు నిండి ఎవరి ముఖమూ సరిగ్గా కనిపించలేదు.

"మాటైంది" అంది అండాలు మెల్లగా. "ఇంక లేవొచ్చు."

"లేవ" అన్నాడు బీరన్న.