అయస్కాంతం అంటని కారు

శివప్రసాద్ కర్చీఫ్‌లో చుట్టి తెచ్చిన అయస్కాంతాన్ని పసుపు కారు తలుపు మీద ఆనించాడు. అది జారి కింద పడింది.

బానెట్ మీద పెట్టాడు. అక్కడా జారింది. వెనక మడ్‌గార్డు మీద పెట్టి, కాసేపు వేలితో నొక్కి పట్టుకుని కూడా చూశాడు. వేలు తీయగానే అదీ అంతే.

పాత కారు కొనబోయేవాడు అయస్కాంతం పట్టుకెళ్లాలని, ఇనుప రేకుంటే అంటుకుంటుందని, తుప్పు తిన్నచోట పుట్టీ పెట్టి రంగు పూసి ఉంటే అంటుకోదని అతను వారమంతా వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వీడియోలు చూసి వచ్చినవాడి ధైర్యం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

కంగారూల దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్లో గోడౌన్ల వరుస చివరనున్న ఆ షెడ్డు వీరవెంకటసత్యనారాయణ గారిది. అంత పేరు పలకలేక తెల్లవాళ్లు ఆయన్ని 'వీవీ' అంటారు, మనవాళ్లు సత్తిబాబు అంకుల్ అంటారు. అమలాపురం మనిషి. ఆ సమయానికి ఆయన ఓ మూల కూర్చుని టీ తాగుతున్నాడు.

"అంకుల్, ఈ కారు మొత్తం పుట్టీయే," అన్నాడు శివప్రసాద్, షెడ్డంతా వినబడేలా. "యాడ్‌లో ఫుల్లీ రిస్టోర్డ్ అని రాశారు. ఇది చీటింగ్ కదండీ."

సమాధానం కారు కింద నుంచి వచ్చింది.

"మీరు ఏ కారు కొననీకి వచ్చిన్రో తెలుసా?"

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ఒక అమ్మాయి బయటికి జారుకుంటూ వచ్చింది. నీలం ఓవరాల్స్, చేతిలో స్పానర్, చెంప మీద గ్రీజు మరక. ఆ మరక అక్కడే ఉండాలన్నట్టు ఉంది. ఇంత కోపంలోనూ శివప్రసాద్ ఆ సంగతి గమనించాడు.

"తెలుసు. సెవెంటీ టూ మోడల్ కార్వెట్."

"కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్. అమెరికాల ఫ్యాక్టరీ నుంచే అట్ల వస్తది. మీరు అయస్కాంతాల దుకాణమే తెచ్చి పెట్టినా అంటుకోదు."

మూలనుంచి టీ పొలమారిన చప్పుడు వినబడింది. శివప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ క్షణంలో నేల చీలితే ఇద్దరు పట్టేంత చోటున్నా ఒక్కడే దూరిపోయేవాడు.

"సారీ అండి," అన్నాడు.

"నా పేరు లిఖిత. ఈ కారు మొత్తం నేనే చేసిన. బల్లారట్ దగ్గర కోళ్ల షెడ్డుల దొరికింది. కోళ్లు సీట్ల మీద గుడ్లు పెడుతుండె. గిప్పుడు చెప్పున్రి, కొంటరా?"

కొనాలనే వచ్చాడు. తెనాలిలో వాళ్ల వీధి చివర టైర్ల షాపు క్యాలెండర్ మీద ఇలాంటి పసుపు కారే ఉండేది. ఏడాది మారినా ఆ పేజీ చింపవద్దని షాపతన్ని బతిమాలుకున్నవాడు శివప్రసాద్. కానీ ఇంత పరువు పోయాక వెంటనే సరే అంటే ఏం బాగుంటుంది? నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"ఇవాళ శనివారమండి. శనివారం ఇనుము కొనకూడదు. మా అమ్మ ఒప్పుకోదు."

లిఖిత అతని కళ్లలోకి చూసింది. "ఇప్పుడే కదా ఇనుమే లేదన్నరు."

"ఇంజినూ, ఛాసిస్సూ ఇనుమేనండి," అని సత్తిబాబు అంకుల్ అడ్డం పడ్డాడు. "పట్టింపంటే పట్టింపే. వచ్చే వారం రండి బాబూ."

శివప్రసాద్ గబగబా బయటపడ్డాడు. అయస్కాంతం సంగతే మరిచిపోయాడు.

వచ్చే వారం అంటే ఏ రోజైనా వెళ్లవచ్చు. ఆఫీసు వాళ్లు ఆదివారం కూడా సెలవిస్తారు, షెడ్డు కూడా ఆదివారం తీసే ఉంటుంది. మనవాడు మాత్రం మళ్లీ శనివారమే వెళ్లాడు. ఆమె టూల్‌బాక్సుకు తన అయస్కాంతం అంటుకుని ఉండటం చూసి, ఎందుకో చాలా సంతోషించాడు.

"టెస్ట్ డ్రైవ్ చేద్దామా?" అని కుడివైపు తలుపు తీసి కూర్చున్నాడు. ముందు స్టీరింగ్ లేదు.

"అమెరికా కారు. స్టీరింగ్ ఎడమ దిక్కుంటది," అంది లిఖిత. "మీ కోసం ఇటు నడిచి రాదు."

దిగి, చుట్టూ తిరిగి వెళ్లాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్ల స్విచ్ వేశాడు. బానెట్‌లో ముడుచుకున్న ఎడమ హెడ్‌లైటు టక్కున లేచింది. కుడిది పైకి లేవాలా వద్దా అని ఆలోచించుకుని, సగం లేచి ఆగిపోయింది. కారు కన్ను కొట్టినట్టే ఉంది.

"ఇది ఫాల్టండి," అన్నాడు అతను, దొరికిందే చాలన్నట్టు.

"లైటును లేపే వాక్యూమ్ గొట్టం లూజయ్యుంటది. బిగిస్తా. వచ్చే వారం రాండ్రి."

వచ్చే శనివారం వచ్చాడు. కుడి హెడ్‌లైటు మళ్లీ సగంలోనే ఆగింది. ఆ తర్వాతి శనివారమూ అంతే. ఇంత పనిమంతురాలికి ఒక గొట్టం బిగించడం ఎందుకు చేతకావడం లేదో అని అనుమానించాల్సినవాడు అనుమానించలేదు. ప్రేమలో పడ్డవాడికి బుర్ర పనిచేస్తే ప్రేమకథలెందుకుంటాయి?

అవును, పడ్డాడు. ఎక్కడ పడ్డాడంటే, ఓ వాన మధ్యాహ్నం. రేకుల మీద వాన దంచుతుంటే అంకుల్ బార్బెక్యూ పొయ్యి మీద ఒకవైపు సాసేజీలు, ఇంకోవైపు మిరపకాయ బజ్జీలకి మూకుడు పెట్టాడు. లిఖిత బజ్జీ కొరుకుతూ చెప్పింది.

"నాకు బిడ్డ లెక్క ఈ కారు. కవర్ కప్పి గ్యారేజీల దాచిపెట్టేటోళ్లకు దీన్ని అమ్మనే అమ్మ. తోలేటోళ్లకే ఇస్త. వానొచ్చినా, దుమ్మొచ్చినా తోలాలె."

"నేను తోలతాను," అన్నాడు శివప్రసాద్.

"ముందు ఏ తలుపు తియ్యాల్నో నేర్చుకోండ్రి," అంది ఆమె నవ్వుతూ. ఆ నవ్వు దగ్గరే పడ్డాడు. ఇప్పటికీ లేవలేదు.

చిక్కేమిటంటే, కారు కొన్న మర్నాటి నుంచి అతనికి ఆ షెడ్డుకు వెళ్లే పని ఉండదు. కొనకపోతే ఎవరో ఒకరు వచ్చి కొనుక్కుపోతారు. ఇష్టమని చెబుదామంటే, మొదటి రోజే చీటింగ్ అని అరిచినవాణ్ణి ఆమె ఏమనుకుంటుందో తెలియదు. ఇలా శనివారాల మీద శనివారాలు గడిపేస్తూ, భయపడుతూనే హాయిగా ఉన్నాడు.

ఒక శుక్రవారం సాయంత్రం సత్తిబాబు అంకుల్ ఫోన్ చేశాడు.

"బాబూ, జిలాంగ్ నుంచి ఓ డెంటిస్టు గారు రేపు పొద్దున్నే వస్తున్నారండి. డబ్బు కట్టేసి కారు తోలుకుపోతారంట. మీ శనివారం పట్టింపు మీది. నేనేం చెయ్యగలనండి?"

మర్నాడు శివప్రసాద్ షర్టు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని బయల్దేరాడు. వాళ్లమ్మ ఉదయలక్ష్మి నేనూ వస్తానంది. తెనాలి హైస్కూల్లో గేమ్స్ టీచర్ ఆవిడ. సెలవుల్లో కొడుకు దగ్గరికొచ్చింది. ప్రతి శనివారం వీడు తల దువ్వుకుని ఎక్కడికి పోతున్నాడో చూడాలని ఆవిడకు ఎప్పట్నుంచో ఉంది.

షెడ్డుకు డెంటిస్టు ఇంకా రాలేదు. లిఖిత తల ఎత్తకుండా కారు తుడుస్తోంది. అప్పటికే మెరుస్తున్న చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"నేను కొంటానండి," అన్నాడు శివప్రసాద్. "ఇవాళే. ఇప్పుడే."

"ఇయ్యాల శనివారం. మీ అమ్మ ఒప్పుకోదు కదా."

కారు చుట్టూ తిరిగి చూస్తున్న ఉదయలక్ష్మి ఆగింది. "నేనా? నేనెప్పుడన్నానమ్మా? మా ఇంట్లో బీరువా, ఫ్రిజ్జు, వీడి మొదటి బైకు, అన్నీ శనివారం కొన్నవే. నాకు బడి లేక, షాపులు తీసుండేది రెండో శనివారమే కదా."

పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. లిఖిత గుడ్డ పక్కన పెట్టింది.

"మరి ఇన్ని శనివారాలు ఎందుకొచ్చిన్రు?"

తప్పించుకోవడానికి ఈసారి అతని దగ్గర ఏ సాకూ మిగల్లేదు. అదే మంచిదైంది.

"మొదటి రోజు పరువు కోసం అబద్ధమాడానండి. ఆ తర్వాత మీ కోసం వచ్చాను. కొనేస్తే ఇక్కడికి రావడానికి ఏం మిగులుతుంది? నాకు కారు కావాలి. కానీ డెంటిస్టు కారు తీసుకుపోయినా బతకగలను. మిమ్మల్ని చూడకుండా శనివారం గడపలేను. మీరంటే నాకు చాలా ఇష్టం లిఖితా."

లిఖిత చెంపల మీద గ్రీజు లేదు. దాచుకోవడానికేమీ లేక ఎర్రబడ్డాయి. కారు టైరును కాలితో ఊరికే తన్నింది.

"చెప్పమ్మా," అన్నాడు సత్తిబాబు అంకుల్. "ఆ అబ్బాయి చెప్పేశాడు కదా. హెడ్‌లైటు సంగతి నువ్వు చెప్పు."

"ఏం లేదు అంకుల్."

"శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆ గొట్టం ఎవరు పీకుతున్నారో నేనే చెప్పమంటావా?"

"నేనే పీకిన," అంది లిఖిత, శివప్రసాద్ వైపు తిరిగి. "ఫాల్ట్ లేదంటే కొనుక్కొని పోతరు. మళ్ల రారు. అందుకే." గొంతు కాస్త తగ్గించింది. "మీరొచ్చేదాకా పొద్దుపోదు నాకు."

శివప్రసాద్ ఆమె పక్కన పెట్టిన గుడ్డ తీసుకుని తన మొహం తుడుచుకున్నాడు. అంత సంతోషం ఒక్కసారి మీద పడితే ఎవరికైనా అంతే. ఆ తర్వాత, "మరి డెంటిస్టు వస్తే?" అన్నాడు పిచ్చివాడిలా.

"డెంటిస్టూ లేడు, గింటిస్టూ లేడండి," అన్నాడు అంకుల్. "రెండో వారమే ఈ పిల్ల యాడ్ తీసేసింది. యాడ్ లేకుండా ఎవడొస్తాడు? మీ ఇద్దర్నీ ఇలా వదిలేస్తే నా షెడ్డులో ఈ కారుకి మళ్లీ తుప్పు పడుతుందని నేనే ఒకణ్ణి పుట్టించాను."

"ఫైబర్‌గ్లాస్‌కి తుప్పు పట్టదు అంకుల్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఉదయలక్ష్మి లిఖిత దగ్గరికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది. అరచేతిలో కాయలు కాసిన చోట బొటనవేలితో నిమిరింది. "ఆటలు ఆడి గట్టిపడ్డ చెయ్యి అనుకున్నాను. పనిచేసిన చెయ్యి. ఇంకా మంచిది. మీ అమ్మ నంబరివ్వమ్మా, మాట్లాడతాను."

"మా అమ్మకు ఎరుకే ఆంటీ. హన్మకొండ నుంచి వారం వారం ఫోన్ చేసి, 'ఆ పిల్లగాడు ఇంక కొనలేదా' అని అడుగుతది."

సంతకాలయ్యాయి. లిఖిత ఒకసారి బానెట్ ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి తీసి, దించింది. ఉదయలక్ష్మి సంచిలోంచి పక్కింటి చెట్టు నిమ్మకాయలు తీసి నాలుగు టైర్ల కిందా పెట్టింది. కారు పసుపు రంగే కాబట్టి పసుపు రాయక్కర్లేదని, కుంకుమ బొట్టు మాత్రం పెట్టింది.

అలవాటు కొద్దీ శివప్రసాద్ వెళ్లి కుడివైపు తలుపు తీశాడు. నాలుక కరుచుకుని చుట్టూ తిరిగి వెళ్లబోయాడు.

"ఉండరా, అక్కడే కూర్చో," అంది ఉదయలక్ష్మి. "పీటల మీదైనా కారులోనైనా అమ్మాయి నీకు ఎడమవైపే ఉండాలి."

శివప్రసాద్ కుడి సీట్లో కూర్చున్నాడు. లిఖిత ఎడమవైపు వచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుని, తాళం తిప్పింది. వాన పెద్దదయింది. ఆమె అతని వైపొకసారి చూసి స్విచ్ వేసింది.

రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే లేచాయి.