లవ్ మీటర్ పాసైన పెళ్ళికొడుకు

"ఇంకోసారి అనండి," అంది డాక్టర్ వింధ్యావళి, పొద్దుట్నుంచీ అదే చెప్పి చెప్పి నీరసించిన గొంతుతో.

వంశీధర్ మెడకి సెన్సర్ పట్టీ ఉంది. ఎదురుగా అతను చేసుకోబోయే సింధూజ కూర్చుంది. ఆమె కళ్ళలోకి చూసి "లవ్ యూ" అన్నాడు. స్క్రీన్ మీద మళ్ళీ అదే వచ్చింది: భయం.

"రిజెక్ట్," అంది డాక్టర్. ఒకరు తప్పితే రెండోవారికి పరీక్షే ఉండదు.

పాపం, ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే. ఈ హైదరాబాద్‌లో జనం బిర్యానీని లవ్ చేస్తారు, బాస్ పెట్టిన ఫొటోని లవ్ చేస్తారు, కుక్కపిల్లని లవ్ చేస్తారు, కట్టుకోబోయే మనిషికీ ఆ మాటే సరిపెడతారు. ఒక్క మాట ఇంత చాకిరీ చేస్తుంటే ఎవరి మనసులో ఏముందో తెలిసేదెలా? లవ్ మీటర్ గొంతులో వణుకునీ, నాడినీ, మెదడు తరంగాల్నీ కలిపి చదివి, ఆ లవ్‌కి అర్థం కోరికో, జాలో, అలవాటో, ప్రేమో తేల్చేస్తుంది. మోసపోయేవాళ్ళు తగ్గుతారని ఆవిడ ఆశపడింది. ప్రభుత్వమేమో ఇద్దరికీ 'ప్రేమ' అని వస్తేనే పెళ్ళి రిజిస్టర్ చేస్తామంది.

"దేనికండీ భయం?" అడిగింది డాక్టర్.

"ఈ అమ్మాయి నాకు దక్కదేమోనని, మేడమ్. కలిసినప్పట్నుంచీ ఉంది."

సింధూజ తల వంచుకుని నవ్వుకుంది.

"మెషిన్‌కి అవన్నీ తెలీవు. మళ్ళీ అప్లై చేసుకోండి."

మనవాళ్ళకి పరీక్షంటూ ఒకటి కనబడితే కోచింగ్ సెంటర్ పుట్టకుండా ఉంటుందా? అప్పటికే అమీర్‌పేటలో సందుకొకటి వెలిసింది. వీకెండ్ బ్యాచ్‌లు, మాక్ టెస్టులు, పాస్ గ్యారంటీ. వంశీధర్ చేరాడు. ఊపిరెలా తీయాలో, మాట ఎక్కడ ఆపాలో నేర్పారు. ఆ అమ్మాయి లేకపోయినా బతుకు నడుస్తుందని రోజూ కళ్ళు మూసుకుని అనుకోమన్నారు. అతను బుద్ధిగా అనుకున్నాడు.

కొన్ని నెలలకి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. వంశీధర్ పట్టీ కట్టించుకుని, లిఫ్ట్‌లో ఫ్లోర్ నంబర్ చెప్పినంత తేలిగ్గా "లవ్ యూ" అన్నాడు. స్క్రీన్ మీద పచ్చగా వచ్చింది: ప్రేమ.

సింధూజ కాస్త ముందుకి వంగింది. "వంశీ, ఒకవేళ నేను వద్దనుకుంటే?"

"ఏముంది, కొన్నాళ్ళు కష్టంగా ఉంటుంది. మేనేజ్ చేసుకోవచ్చు," అన్నాడు నవ్వుతూ.

ఆమెకి ఏడుపొచ్చింది. "మేడమ్, ఇతను మునుపట్లా అవడానికి ఏదైనా దారుందా?"

"నా మెషిన్ చదువుతుంది, అంతేనమ్మా," అంది వింధ్యావళి. ఆవిడకి ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది. "మీ వంతు. అనండి."

సింధూజ పట్టీ కట్టించుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట అంది. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది: దుఃఖం.

వంశీధర్ ఆమె భుజం తట్టాడు. "ఏం కాదు, నువ్వూ కోచింగ్‌లో చేరు. మా సార్ నెల రోజుల్లో పోగొట్టేస్తారు."