తెరవనా అక్కా?

మా ప్రయోగశాల పక్కన కిటికీలు లేని చిన్న గది ఉంది. నాలుగు కంప్యూటర్లు, కిర్రుమనే కుర్చీలు, స్పాంజి ఊడిన హెడ్‌ఫోన్లు. ఏ పదార్థంలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం మీద శిక్షణంతా ఇప్పుడు అక్కడే. చదువుకునే పిల్లలైనా, పన్నెండేళ్ళుగా అదే పని చేస్తున్న నాలాంటివాళ్ళైనా, తెర ముందు కూర్చుని పాఠాలన్నీ వినాలి. ప్రతి పాఠం చివరా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కితేనే యంత్రం ముట్టుకోనిస్తారు. ఆ మధ్యాహ్నం నా వంతు వచ్చింది.

పాఠాలు చెప్పే గొంతు అక్కది. తోడబుట్టింది కాదు, నాకు పని నేర్పిన మనిషి. పోయి ఏడాదైంది. ఎప్పుడో రికార్డు చేసిన గొంతును ఇంకా వాడుకుంటున్నారు. "గొట్టం విప్పగానే మూత బిగించాలమ్మా. ఆ తర్వాతే గ్యాస్," అని అక్క చెవిలో చెబుతుంటే నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఎందుకంటే చివరి పాఠం పేరు 'ఒక ప్రమాదం'. మా సారు కొత్తగా చేర్పించారు. యంత్రంలోని గొట్టం విప్పి ఉండగా హైడ్రోజన్ వదిలితే అది ఆ గొట్టాన్ని వేడిచేసే ఓవెన్‌లో నిండుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు, ఓవెన్ తలుపు ఊడి మొహాన పడుతుంది. అక్క అలాగే పోయింది. మూత బిగించడం మరిచిపోయిందని విచారణలో రాసేశారు.

అక్క మరిచిపోవడమా! సిలిండర్ వెనక గదిలో ఉంటుంది. దాని దగ్గరున్నవాళ్ళు "తెరవనా?" అని కేకేయాలి. ఓవెన్ దగ్గరున్నవాళ్ళు "తెరువు" అనేదాకా చెయ్యి వేయకూడదు. ఆ పద్ధతి పెట్టిందే అక్క.

పళ్ళు కొరుక్కుంటూ చివరి పాఠం నొక్కాను. దాన్ని వేరే మనిషి చేత చదివించారని విన్నాను. కానీ వచ్చింది అక్క గొంతే.

"ఇంకా మూయలేదు..."

గదిలో ఏసీ ఆగిపోయింది. సన్నగా ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. ఓవెన్ ఫ్యాన్. హెడ్‌ఫోన్లలోంచి కాదు... నా కుర్చీ వెనకనుంచి.

"ఇంకా మూయలేదు... ఎవరు తెరిచారు?"

అంతలో తలుపు తోసుకుని సారు వచ్చారు. "ఇంకా కాలేదా? రేపు తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఒప్పుకుంటున్నానని నొక్కేసి లే."

నేను హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. విన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను అడిగాను..." అన్నారు గుసగుసగా. "తెరవనా అని అడిగాను. జవాబు రాలేదు. అప్పటికే ఆలస్యమైందని..."

"అని?"

"తెరిచేశాను."

ఏడాదిగా దిగమింగిన కోపమంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "మనిషేనా మీరు? తప్పు ఆవిడ నెత్తిన రుద్ది, ఆవిడ గొంతుతోనే పాఠాలు చెప్పిస్తారా? ఇప్పుడే రాసివ్వండి!"

ఆయన హెడ్‌ఫోన్లు బల్లమీద పడేశారు. "అరవకు. ఆవిడకు మతిమరుపని సాక్షి సంతకం పెట్టింది నువ్వు కాదూ?"

నేనే. ఉద్యోగం ఊడుతుందని భయపడి పెట్టాను. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టిన తిట్లలో సగం నాకే తగలాలి.

ఆయన మౌస్ లాక్కుని 'ఒప్పుకుంటున్నాను' నొక్కారు. తెర మీది ఓవెన్ బొమ్మలో వేడి చూపే అంకెలు కదిలాయి. నలభై... ఎనభై... నూట ఇరవై...

"బొమ్మే కదా," అని నవ్వబోయారు.

నవ్వు అరుపైంది. చెయ్యి మౌస్‌ను వదలడం లేదు. మంట లేదు. పొగ లేదు. హైడ్రోజన్ మంట కంటికి కనబడదు... చర్మం మాత్రం వేళ్ళనుంచి మణికట్టుదాకా బొబ్బలెక్కిపోతోంది.

"నేనే తెరిచాను! నేనే!"

అప్పుడు మౌస్‌ను వదిలింది చెయ్యి.

ఆసుపత్రి మంచం మీదే, ఎడమచేత్తో, జరిగిందంతా రాసిచ్చారు. అక్క మీద పడ్డ మచ్చ పోయిందని అందరూ అన్నారు. నా సంతకం గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ చివరి పాఠం తీసేసే పని నాకే అప్పగించారు. మర్నాడు పొద్దున్న పదింటికి, కొత్తగా చేరిన అమ్మాయిలు పక్క కుర్చీల్లో ఉండగా, తెరిచాను. పాఠం లేదు. ఒకే ఒక్క ప్రశ్న ఉంది.

నాకు మతిమరుపా, చెల్లీ?

కింద రెండే జవాబులు. 'కాదు' నొక్కాను. గుర్తు 'అవును' పక్కన పడింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ 'అవును'.

పక్కనున్న అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి నావైపు వంగింది.

"అక్కా... వెంట్రుకలు కాలుతున్న వాసన. మీ దగ్గర్నుంచే వస్తోంది..."