తారు పూసిన మూత

మంచు చిమ్మే మిషను మూడోసారి మొరాయించేసరికి రేనోకి తల కొట్టేసినట్టయింది. హాంకాక్ ఊరి కొండమీద ఎవరి టూ-స్ట్రోక్ ఇంజను దగ్గినా అతని షెడ్డుకే వస్తుంది, బాగయ్యే వెళ్తుంది. ఒక్క సైమా ఇంటి మిషనే అతని పరువు తీస్తోంది.

తీయకూడని చోట తీస్తోంది, అదీ బాధ. కిందటి చలికాలం రేనో వాళ్ళ నాన్న పక్షవాతంతో పడిపోతే, మోకాలి లోతు మంచులో రోజూ నడిచొచ్చి చూసుకున్న నర్సు సైమానే. ఆయన ఈరోజు తన కాళ్ళ మీద నిలబడ్డాడంటే అంతా ఆ పిల్ల చలవే. ఆ మాట ఆమెతో చెప్పాలని రేనో ఏడాదిగా అనుకుంటున్నాడు. కానీ ఫిన్లాండ్ నుంచి వలసొచ్చి అక్కడ స్థిరపడ్డ మగాళ్ళకి నోటితో థాంక్స్ చెప్పడం కంటే పొరుగువాళ్ళ వాకిట్లో మంచు ఎత్తిపోయడం తేలిక. మిషను బాగుచేస్తే చెప్పినట్టే అనుకున్నాడు. చెప్పాల్సిన మాట ఇంకోటి కూడా ఉంది కానీ, దానికి మిషన్లు చాలవు.

"ఇవాళ కూడా ఆగిపోతే శనివారం కొత్తది కొంటానంటోంది మా బామ్మ," అంది సైమా, తమ గరాజ్ తలుపుకి ఆనుకుని.

కొత్తది వస్తే ఈ ఇంటికి రావడానికి అతనికి సాకే ఉండదు.

"రెండుసార్లూ కార్బరేటర్ విప్పి కడిగాను. మా షెడ్డులో గంటసేపు ఆగకుండా ఆడింది," అన్నాడు ఉక్రోషంగా.

"దానికి నీ దగ్గరే కాపురం బాగున్నట్టుంది. మా ఇంటికి రాగానే అలుగుతోంది."

రేనో ప్లగ్గు విప్పాడు. నిప్పురవ్వ బాగానే వస్తోంది. పెట్రోల్లో నూనె పాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. తాడు రెండుసార్లు లాగితే ఇంజను అందుకుంది. తొమ్మిది నిమిషాలు మంచుని ధారగా ఎగజిమ్మి, గొంతు పట్టేసినట్టు ఆగింది. చోక్ వేస్తే అర నిమిషం ఆడి మళ్ళీ ఆగింది.

ఇక ఏం చేయాలో తోచక ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి తాడు లాగితే ఒక్క లాగుకే ఇంజను అందుకుంది.

మూత మధ్యలో గాలి పోవడానికి సూదిబెజ్జమంత కన్నం ఉంటుంది. అది నల్లగా పూడిపోయి, పైన్ చెట్ల తారు వాసన కొడుతోంది. గాలి ఆడక పెట్రోలు దిగడం లేదన్నమాట. షెడ్డులో తన సొంత ట్యాంకు తగిలించి నడిపాడు కాబట్టి ఈ మూత సంగతే అతని బుర్రకి తట్టలేదు.

"బామ్మగారూ, దీనికి తారు ఎవరు పూశారు?" అని లోపలికి కేకేశాడు.

హిల్యా బామ్మ చెవి ఒగ్గుతూ వచ్చింది. "నేనే. కన్నంలోంచి మంచు పడదూ? మనవాళ్ళ సామెతే ఉందిగా: ఆవిరిస్నానం, సారా, తారు. ఈ మూడింటికీ లొంగకపోతే ఇక ఆ రోగికి నూకలు చెల్లినట్టేనోయ్," అంది గర్వంగా, కాఫీ పెట్టడానికి వెళ్తూ.

రేనో సన్నని తీగతో కన్నం పొడిచి శుభ్రం చేశాడు. వాకిలంతా ఊడ్చేదాకా ఇంజను ఆగలేదు. అప్పుడు గమనించాడు, సైమా ముఖంలో కాస్తయినా ఆశ్చర్యం లేదు.

"రోజూ పెట్రోలు పోసేది నువ్వేగా. మూత తీస్తే ఉస్సుమనలేదూ?"

"అనేది."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి నువ్వు బాగుచేసి తెచ్చిన మర్నాటి నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రెండోసారి వచ్చేవాడివా?"

రేనో చేతులు తుడుచుకున్నాడు. ఏడాదిగా గొంతులో ఉన్న మాటే బయటికొచ్చింది. "మా నాన్నని నిలబెట్టావు, సైమా. నీ రుణం తీర్చుకోలేను. థాంక్స్."

సైమా కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇంకా ఏదో ఉన్నట్టుందే."

"ఉంది."

"అది బామ్మకి చెప్పు. గట్టిగా చెప్పాలి మరి, ఆవిడకి చెవుడు."

వంటింట్లో యాలకుల రొట్టె కోస్తున్న బామ్మ ఎదుట నిలబడి, మీరు ఒప్పుకుంటే సైమాని పెళ్ళి చేసుకుంటానన్నాడు రేనో. ఆవిడ చెవి ఒగ్గింది. అతను గట్టిగా ఊపిరి పీల్చి, వీధి చివరిదాకా వినపడేలా మళ్ళీ అరిచాడు.

బామ్మ రొట్టెలో పెద్ద ముక్క అతని పళ్ళెంలో పెట్టింది.

"మొదటిసారే వినపడిందిలే, నాయనా. బాగుందని ఇంకోసారి విన్నాను."