సంజీవమ్మ స్టాపు

ఫ్రిజ్ అమ్మేయాలా, ఫర్వానియాకు మోసుకుపోవాలా అన్న తగువు పప్పు చల్లారిపోయేదాకా వచ్చింది.

కువైట్‌లోని ఫహాహీల్‌లో వాళ్ళుంటున్న పాత బిల్డింగును పడగొడుతున్నారు. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఫర్వానియా అయితే ఆస్పత్రి పక్కనే, కడపవాళ్ళు బోలెడుమంది అంటుంది సంజీవమ్మ. ఈ పేట వదిలి రానంటాడు నాగేంద్రప్రసాద్. ఈ పేట ఎట్లా పుట్టిందో చెప్పడం మొదలుపెడితే ఆయనకు అన్నం గుర్తుండదు.

"బస్సు తిరుక్కునే చోట ఒక టీ అంగడి పడింది. టీకి నిలబడినోళ్ళ కోసం ఇస్త్రీ అంగడి. ఆ తర్వాత గదులు, ఆపైన మేడలు. బస్సు రాకుంటే ఈడ ఇసకే కదా."

"ఇంగ నువ్వు బస్సునే చూసుకుంటా ఉండు," అంది సంజీవమ్మ. "ఇల్లు నేను చూస్తా."

వాళ్ళమ్మాయి దేవిక ఏ పక్షమూ పట్టలేదు. ఇల్లు మారితే బస్సు మారుతుంది. బస్సు మారితే జలంధర్ కనబడడు. జలంధర్ అని ఒకడున్నట్టే ఇంట్లో ఎవరికీ తెలియదు.

జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. సాల్మియా నుంచి సముద్రం రోడ్డు వెంబడి ఫహాహీల్ వచ్చే బస్సు నడుపుతాడు. సాల్మియాలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే దేవికకు అతనితో పరిచయం గొడవతోనే మొదలైంది. అతను కొత్తగా చేరిన రోజుల్లో, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆపమని ఆమె అడిగితే అట్లాంటి స్టాపే లేదని ముందుకు పోనిచ్చాడు. నిజంగానే లేదు. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో కూలిపోయింది, నాన్న నోటి నుంచి ఆ పేరొక్కటే ఆమెకు వచ్చింది. తర్వాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచింది.

మర్నాడు ఎక్కగానే, "లేని ఫ్యాక్టరీ కాడికి నిన్నెట్ల తీస్కపోవాలె మేడమ్?" అన్నాడు.

"ముందు ఊరు నేర్చుకోండి. బస్సు తర్వాత నడుపుదురు."

నేర్చుకున్నాడు. డ్రైవరు వెనక సీటు దేవికదైపోయింది. ఏ మలుపులో సినిమా హాలుండేదో, చేపల పడవలు ఎక్కడిదాకా వచ్చేవో, నాన్న చెప్పినవన్నీ రోజుకొకటి చెప్పేది. అతని కళ్ళు అద్దంలో కాస్త ఎక్కువసేపు నిలిస్తే ఆమె దగ్గేది. అవి బుద్ధిగా రోడ్డు మీదికి తిరిగేవి.

అరుదుగా పడే వాన ఒక సాయంత్రం పడింది. బస్సులన్నీ నత్తల్లా పాకుతున్నాయి. వైపర్ల చప్పుడులో, తన గురించి ఇంట్లో చెప్పమని అడిగాడు. శుక్రవారం చెప్తానంది. అట్లాంటి శుక్రవారాలు చాలానే పోయాయి. ఇప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చేసరికి, ఈ వారం ఆమె చెప్పకపోతే తానే వస్తానన్నాడు.

ఆ గురువారం నాగేంద్రప్రసాద్ కారు షెడ్డులో ఉంది. సాల్మియాలో కళ్ళ పరీక్ష చేయించుకున్న సంజీవమ్మ బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. ఆమె ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, ఎక్కడ దిగాలని డ్రైవరు తెలుగులోనే అడిగాడు. అలవాటుగా ఐస్ ఫ్యాక్టరీ అనేసి, అదెక్కడో విడమరచబోయింది.

"తెలుసు ఆంటీ. సంజీవమ్మ స్టాపే కదా."

ఆమె ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకుంది. "ఆ సంజీవమ్మ ఎవరబ్బా?"

"నేనైతే చూడలే. పెండ్లయి కొత్తగ కడప దిక్కు నుంచి వచ్చిందట. మొగడు చెప్పిన కాడ కాకుండ ఈడ దిగి, పెట్టె మీద కూసొని ఒకటే ఏడుపట. ఆయన దేవులాడుకుంట వచ్చినంక, ఇంక అడుగు తీసి అడుగెయ్య, ఈడనే ఇల్లు చూడమన్నదట. అట్ల ఈ పేటల పడ్డరు."

ఆ ఏడుపు సంగతి ఇంట్లో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు.

"నీకెవరు చెప్పినారు?"

"ఒక ప్యాసింజర్," అన్నాడు. ఆ ఒక్క మాటకే అతని చెవులు ఎర్రబడ్డాయి. ఎవరా ప్యాసింజరని ఆమె అడగలేదు. అతని పేరు అడిగింది. ఊరు అడిగింది. దిగేముందు వాళ్ళమ్మ ఫోన్ నంబర్ అడిగింది.

"మా అమ్మ నంబర్ ఎందుకాంటీ?"

"సంజీవమ్మ అడిగిందని చెప్పు."

వెనక కార్లు హారన్లు కొట్టేదాకా బస్సు తలుపు తెరుచుకునే ఉండిపోయింది.

శుక్రవారం భోజనానికి సుబ్బాయమ్మ వచ్చింది. నాగేంద్రప్రసాద్ అక్క ఆమె, జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. వచ్చీ రాగానే, ఫ్రిజ్ అమ్మేసి ఈ పేటలోనే చిన్న ఇల్లు చూసుకోమని తమ్ముడి పక్షం చేరింది. ఆ సందడిలో దేవిక గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఒక మాట చెప్పాల."

"నాదయినాక చెబుదువులే," అంటూ సంజీవమ్మ అందరికీ రసం పోసింది. "ఫర్వానియా వద్దు. వెనక సందులోనే రెండు రూముల ఇల్లు చూసొచ్చినా."

అంత హఠాత్తుగా ఏమొచ్చిందని మొగుడు అడిగాడు.

"రేపు పిల్ల పెళ్ళయితే అల్లుడు తిరిగేది ఈ రోడ్డు మీదనే. మనం ఆడికి పోయి ఏం చేస్తాం?" కూతురి వైపు తిరిగింది. "నీకు ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పు."

దేవిక చెప్పదలచుకున్నదీ ఆ అల్లుడి మాటే. నోట్లో ముద్ద ఉండటంతో ఇష్టమేనని తల మాత్రం ఊపింది.

నాగేంద్రప్రసాద్ భార్యనూ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "అల్లుడెవరే?"

"జలంధర్ అని, జగిత్యాల పిల్లోడు. పొద్దున వాళ్ళమ్మ భీమవ్వతో మాట్లాడినా. ఆమె చెప్పింది సగం నాకు తెలియలేదు. ఒప్పుకునింది మాత్రం తెలిసింది."